సంఘర్షణ ప్రాంతాల్లో చిన్న వ్యాపారి మనసు నిలబెట్టుకోవడం ఎలా? దశలవారీ మార్గదర్శి

కాల్పులు, బాంబుదాడులు, కర్ఫ్యూలు, ఉన్నట్టుండి మూతపడే దారులు, సాయుధుల తనిఖీలు రోజువారీ వ్యవహారమైపోయిన చోట దుకాణమో, చిన్న వర్క్‌షాపో, హోటలో నడుపుతున్నవారు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "తెరవాలా వద్దా అన్న మీమాంసతో ఉదయం సగం ప్రాణం పోతోంది, లెక్కలు చూసుకునేసరికి సాయంత్రం మిగతా సగం పోతోంది, ఈ మనసును పట్టి నిలిపే పద్ధతి ఏదైనా ఉందా?" పద్ధతి ఉంది, అయితే అది ధైర్యం చెప్పుకోవడంతో కాక ఒక నోటు పుస్తకంతో మొదలవుతుంది.

చిన్న వ్యాపారికి ఇల్లూ దుకాణమూ వేర్వేరు కావు. గల్లాపెట్టెలో ఉన్నదే ఇంటి ఖర్చుకూ వాడతాడు, సరుకు అరువిచ్చినవారు చాలాసార్లు బంధువులో స్నేహితులో అయి ఉంటారు, పనివారి జీతాలు నెల తిరిగేసరికి అతని మెడకే చుట్టుకుంటాయి. అందువల్ల మనసు గురించి చెప్పే ఏ సలహా అయినా లెక్కల పుస్తకాన్ని తాకకుండా పక్కనుంచి వెళ్ళిపోతే అది చిన్న వ్యాపారికి పనికిరాదని నా అభిప్రాయం. కింది దశలను ఇచ్చిన వరుసలోనే చేయడం మంచిది.

ఒక్క హెచ్చరిక. ప్రాణాపాయం కళ్ళెదుట ఉన్న క్షణానికి ఈ మార్గదర్శి వర్తించదు. అప్పుడు సురక్షితమైన చోటికి చేరడమే పని.

1. ముందుగా మీ స్థితిని తేల్చుకోండి

గత 10 ఏళ్లలో సంఘర్షణ చూసిన ప్రాంతాలలో ఏ సమయంలో లెక్కించినా సుమారు 22 శాతం మందికి, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి మించి, కుంగుబాటు, ఆందోళన, ఘటనానంతర ఒత్తిడి వంటి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంచనా వేసింది. వీరిలో ఎక్కువమందికి ఉండేది స్వల్ప స్థాయి. మొత్తం జనాభాలో తీవ్ర స్థాయి రుగ్మత ఉన్నవారు సుమారు 5 శాతం.

ఈ అంకెను రెండు వైపుల నుంచీ చదవాలి. మీకు జబ్బు వచ్చి ఉంటే అందులో అరుదైనది, సిగ్గుపడవలసినది ఏమీ లేదు. రాకపోయి ఉంటే, మీరు పడుతున్న బాధ ప్రమాదకర పరిస్థితికి శరీరమూ మనసూ ఇస్తున్న సహజ స్పందన. దానికి వ్యాధి పేరు పెట్టుకొని భయపడనక్కరలేదు, అలాగని పట్టించుకోకుండా వదిలేయనూ కూడదు.

ఒక పెద్ద ఘటన తర్వాత తొలి వారాల్లో కింది లక్షణాలు చాలామందిలో కనిపించి, క్రమంగా తగ్గుతాయి:

- చిన్న శబ్దానికే ఉలిక్కిపడడం, గుండె దడ
- నిద్ర తెగిపోవడం, పీడకలలు
- లెక్క వేసిన మొత్తాన్నే మళ్ళీ మళ్ళీ వేయడం, ఎక్కడ ఏం పెట్టామో మరిచిపోవడం
- కొనడానికి వచ్చినవారి మీద, ఇంట్లోవారి మీద అకారణ కోపం
- తలనొప్పి, ఒళ్ళునొప్పులు, ఆకలి మందగించడం

ఇవి నెల దాటినా తగ్గకపోయినా, రోజురోజుకూ పెరుగుతున్నా, లేచి పనిచేయలేని స్థితి వచ్చినా నేరుగా పదో భాగానికి వెళ్ళండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తున్నట్లయితే మిగతాది చదవకుండా ఇప్పుడే అక్కడికి వెళ్ళండి.

2. సరంజామా: ఒక నోటు పుస్తకం, ఒక సంచి, ఒక మనిషి

నోటు పుస్తకం దుకాణం ఖాతా పుస్తకం కాకూడదు. చేతిలో ఇమిడే చిన్న పుస్తకం తీసుకొని, ఒక పేజీకి "తెరిచే నిబంధన" అని, రెండో దానికి "ఎన్ని రోజులు" అని, మూడో దానికి "చింతల పట్టీ" అని పేర్లు పెట్టండి. వీటిని ఎలా నింపాలో తర్వాతి భాగాల్లో చెబుతాను.

పుస్తకంలో ఏమి రాయకూడదో కూడా ఇప్పుడే అనుకోండి. ఏ వర్గం వారు ఎప్పుడు వచ్చారు, ఎవరికి ఎంత ముట్టజెప్పారు, ఎవరు ఎవరి పక్షం, మీ రాజకీయ అభిప్రాయం ఏమిటి అన్నవి ఒక్క అక్షరం కూడా ఉండకూడదు. తనిఖీలో ఎవరి చేతికి చిక్కినా ప్రమాదం లేని పుస్తకంగా ఉంటేనే దాన్ని మీరు నిర్భయంగా వెంట ఉంచుకోగలుగుతారు. ఫోనులోని సందేశాలకూ ఇదే వర్తిస్తుంది.

సంచిలో ఉండవలసినవి:

- వ్యాపార అనుమతి పత్రం, అద్దె ఒప్పందం, గుర్తింపు పత్రాలు, బీమా పత్రం: వీటి నకళ్లు
- సరుకు పట్టిక, తేదీ తెలిసేలా తీసిన దుకాణం ఫోటోలు (మరో ఊరిలో నమ్మకస్తుల దగ్గర కూడా ఒక ప్రతి ఉంచండి)
- ముఖ్యమైన ఫోన్ నంబర్లు కాగితం మీద
- రోజూ వాడే మందులు కనీసం వారానికి సరిపడా
- టార్చి, ఛార్జర్, నీళ్ళ సీసా

బీమా పత్రాన్ని సంచిలో పెట్టే ముందు ఒకసారి కూర్చొని చదవండి. సాధారణ వ్యాపార బీమాలు చాలావరకు యుద్ధ నష్టాన్ని మినహాయిస్తాయి. పరిహారం వస్తుందనే ఆశతో నెలలు గడిపి ఆఖరున కాదనిపించుకోవడం కంటే, రాదని ముందే తెలుసుకోవడం మనసుకు తక్కువ దెబ్బ.

మూడోది మనిషి. రోజుకొకసారి "ఉన్నాను" అని మీరు చెప్పగల, మీ నుంచి వినగల ఒక వ్యక్తిని ఎంచుకొని, వారితో సమయం ఖాయం చేసుకోండి. సలహా ఇచ్చే మేధావి అక్కరలేదు, సమయానికి ఫోనెత్తే మనిషి చాలు.

3. తెరిచే నిబంధనను పగటిపూట, ప్రశాంతంగా ఉన్నప్పుడు రాయండి

ఇది అన్నింటికంటే ముఖ్యమైన దశ కాబట్టి దీనికి ఎక్కువ సమయం కేటాయించండి.

షట్టర్ ముందు తాళంచెవి పట్టుకొని నిలబడ్డ ఆ కొన్ని నిమిషాలను గుర్తుచేసుకోండి. చెవి వీధి చివరి శబ్దం మీద ఉంటుంది, కన్ను ఎదురు కొట్టు మీద ఉంటుంది, చెయ్యి తాళం మీద ఉంటుంది. షట్టర్ సగం ఎత్తి, ఆగి, మళ్ళీ దించి, ఇంటికి నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగిన రోజులు మీకు తెలియనివి కావు. ఆ రోజు పని ఇంకా మొదలుకానే లేదు, మనిషి మాత్రం అలసిపోయాడు. అలసటకు కారణం ప్రమాదం ఒక్కటే అనుకోకండి. ఒకే నిర్ణయాన్ని ప్రతిరోజూ, అదీ భయం పట్టుకున్న సమయంలో, మొదటి నుంచి తీసుకోవలసి రావడం కూడా అంతే అలసట తెస్తుంది.

"ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను" అన్న రూపంలో ముందే రాసుకున్న సంకల్పం, ఊరికే "జాగ్రత్తగా ఉంటాను" అనుకున్నదానికంటే ఎక్కువగా అమలవుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1990లలో మొదలుపెట్టిన పరిశోధనలూ ఆ తర్వాత వచ్చినవీ చూపాయి. భయపడిన మనసు కొత్తగా ఆలోచించలేదు గానీ రాసి ఉన్నదాన్ని పాటించగలదు.

ఒక కుట్టు దుకాణం యజమాని పేజీ ఇలా ఉందనుకుందాం:

- ఉదయం 8 గంటలకు ఒక్కసారే చూస్తాను. నేను నమ్మే రెండు చోట్ల మాత్రమే విచారిస్తాను.
- రాత్రి నుంచి ఇప్పటిదాకా మా వీధికి దగ్గరలో ఘటన జరిగి ఉంటే ఈ రోజు తెరవను. మధ్యాహ్నం మళ్ళీ ఆలోచించను.
- దారి మూసి ఉంటే తెరవను. అడ్డదారిన వెళ్ళను.
- మా వరుసలో కనీసం ముగ్గురు తెరుస్తున్నామని చెబితేనే తెరుస్తాను.
- తెరిచిన తర్వాత దగ్గరలో పేలుడు వినిపిస్తే: మిషన్ ఆపు, జనాన్ని లోపలి గదికి పంపు, గాజు తలుపుకు దూరంగా ఉండు. గల్లాపెట్టె కోసం వెనక్కి రాను.
- చీకటి పడడానికి గంట ముందు మూస్తాను. చివరి నిమిషంలో ఎవరు వచ్చినా మర్నాడు రమ్మంటాను.

మీ పేజీలో ఉండే షరతులు మీ ప్రాంతపు ప్రమాదాలను బట్టి ఉండాలి. అధికారిక హెచ్చరిక వ్యవస్థ ఉంటే దాని సంకేతాలను, లేకపోతే ఆ ప్రాంతంలో చాలాకాలంగా నిలిచి వ్యాపారం చేస్తున్నవారి అనుభవాన్ని ఆధారం చేసుకోండి. షరతులు అవును, కాదు అని తేల్చగలిగేవిగా ఉండాలి. "పరిస్థితి బాగాలేకపోతే" అన్నది షరతు కాదు, అది రోజూ ఉదయం జరిగే పాత వాదననే తిరిగి పిలుస్తుంది.

నిబంధన మార్చుకోవలసి వస్తే వారానికి ఒక నిర్ణీత రోజున, పగటిపూట, ఇంట్లో మరో పెద్దతో కూర్చొని మార్చండి. దుకాణం ముందు నిలబడి మార్చవద్దు. నిన్న తెరవని కారణంగా మంచి గిరాకీ పోయింది కదా అన్న బాధతో ఈ రోజు నిబంధనను సడలించడమే అందరూ చేసే తప్పు. నిన్న ఏమీ జరగకపోవడం నిబంధన తప్పని నిరూపించదు.

4. డబ్బు భయాన్ని రోజుల్లోకి మార్చండి

డబ్బు కొరత మనిషి బుద్ధిని ఎలా ఆక్రమిస్తుందో 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. తమిళనాడులోని చెరకు రైతులను కోతకు ముందు చేతిలో డబ్బు ఆడనప్పుడు ఒకసారి, కోత తర్వాత డబ్బు వచ్చాక మరోసారి పరీక్షిస్తే, అవే బుద్ధి పరీక్షల్లో అదే రైతు కోతకు ముందు తక్కువ చేయగలిగాడు. కాబట్టి ఈ మధ్య "బుర్ర పనిచేయడం లేదు" అని మీకు అనిపిస్తుంటే తెలివి తగ్గిందని అనుకోనక్కరలేదు, బుర్రలో చోటు లేదని అనుకోండి. ఆ చోటు కొంత ఖాళీ చేయడమే ఈ దశ పని.

"ఎన్ని రోజులు" అన్న పేజీలో ఈ వరుసన చేయండి:

1. చేతిలోనూ బ్యాంకులోనూ వెంటనే వాడుకోగల డబ్బు ఎంతో రాయండి. రావలసిన బాకీలను ఇందులో కలపవద్దు.
2. దుకాణం పూర్తిగా మూసినా తప్పని రోజు ఖర్చు, అంటే ఇంటి తిండి, మందులు, అద్దెలో రోజు వాటా, ఎంతో తేల్చండి.
3. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. వచ్చినది రోజుల సంఖ్య.
4. ఆ సంఖ్యను పేజీ పైన పెద్దగా రాసి, వారానికి ఒక్కసారే మార్చండి.

సంఖ్య చిన్నదైనా సరే, రాయండి. "అంతా అయిపోయింది" అన్న భావానికి హద్దు ఉండదు. "19 రోజులు" అన్నదానికి హద్దు ఉంది, దాన్ని 23 చేయడానికి ఏం చేయవచ్చో ఆలోచించవచ్చు. నిల్వ సరుకు తగ్గించుకోవడం, త్వరగా పాడయ్యే సరుకు మానడం, రెండు దుకాణాలవారు కలిసి ఒకే చోట నడపడం, అరువు ఇచ్చే పరిమితిని గోడ మీద రాసి పెట్టడం వంటి మార్గాలు అప్పుడే కంటికి కనిపిస్తాయి.

మీరు బాకీ పడ్డవారి నుంచి దాక్కోవద్దు. అప్పిచ్చినవారి ఫోను ఎత్తకుండా తప్పించుకు తిరిగే వ్యాపారికి ఫోను మోగిన ప్రతిసారీ పేలుడు విన్నంత దడ పుడుతుంది. మీరే ముందుగా ఫోను చేసి, "ఈ నెల పూర్తి వాయిదా కట్టలేను, ఇంత కట్టగలను, ఫలానా తేదీన మళ్ళీ మాట్లాడతాను" అని చెప్పండి. ఆ తేదీన డబ్బు లేకపోయినా తప్పకుండా మాట్లాడండి. బ్యాంకు రుణమైతే సంఘర్షణ కారణంగా వాయిదాల సడలింపు ఏదైనా ప్రకటించారేమో రాతపూర్వకంగా అడగండి.

5. దుకాణంలో ఉండగా ఒళ్ళు వణికితే

శబ్దం విన్నారు, ప్రమాదం దాటింది, అయినా చేతులు ఆగడం లేదు, ఎదురుగా ఉన్న మనిషి చెప్పేది వినిపించడం లేదు. అప్పుడు చేయవలసినది:

1. రెండు పాదాలనూ నేలకు గట్టిగా నొక్కండి. అరచేతులతో బల్లను అదమండి.
2. ముక్కుతో నాలుగు లెక్కించేంత సేపు గాలి పీల్చి, ఆరు లెక్కించేంత సేపు మెల్లగా వదలండి. ఇలా పదిసార్లు.
3. చుట్టూ చూసి ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. కొలబద్ద, తాళం, కత్తెర, డబ్బా, కుర్చీ.
4. తేదీ, సమయం, మీరున్న చోటు పైకి చెప్పండి.
5. చేతులకు ఒక చిన్న పని ఇవ్వండి. చిల్లర నాణేలు వేరుచేయడం, గుడ్డ మడతపెట్టడం, అరలో డబ్బాలు సర్దడం ఏదైనా సరే.

కొందరికి ఊపిరి మీద ధ్యాస పెడితే దడ ఇంకా పెరుగుతుంది. వారు రెండో అంకెను వదిలేసి మిగతావి చేయాలి, అందులో లోపమేమీ లేదు. ఈ ఐదింటినీ ప్రశాంతంగా ఉన్న రోజుల్లో ఉదయం ఒకసారి సాధన చేసి ఉంటేనే అవసరమైన రోజున గుర్తుకొస్తాయి.

ఛాతీలో బరువు, నొప్పి చేతికో దవడకో పాకడం, చెమటలు, ఊపిరాడకపోవడం ఉంటే ఆందోళనే కదా అని సరిపెట్టుకోవద్దు. గుండెపోటు కాదని వైద్యుడు తేల్చేదాకా దాన్ని గుండెపోటుగానే చూడాలి.

6. రాత్రి

చింతల పట్టీని పడుకునే సమయానికి కనీసం రెండు గంటల ముందు తెరవండి. అరగంట గడియారం పెట్టుకొని మనసులో తిరుగుతున్న ప్రతి చింతనూ ఒక్కో వరుసలో రాయండి. ప్రతిదాని పక్కన రెండింటిలో ఒక గుర్తు పెట్టండి: నేను చేయగలిగినది ఉంటే ఎప్పుడు చేస్తానో, లేకపోతే ఒక సున్నా. అరగంట కాగానే పుస్తకం మూయండి. తర్వాత పడకలో ఏ చింత తలెత్తినా, "పట్టీలో ఉంది, రేపు అదే సమయానికి చూస్తాను" అనుకోండి. మొదటి వారం ఇది పనిచేస్తున్నట్లు అనిపించదు; రెండో వారం దాకా ఓపిక పట్టండి.

నిద్రకు సంబంధించి పాటించవలసినవి:

- పడుకునే సమయం మారినా లేచే సమయం మార్చవద్దు.
- ఇంట్లో అన్నింటికంటే భద్రమైన, కిటికీలకు దూరమైన చోట పడక వేసుకోండి. సంచి, చెప్పులు, టార్చి పక్కన ఉంటే "ఏదైనా జరిగితే" అన్న ఆలోచన కొంత సద్దుమణుగుతుంది.
- కాఫీ, టీలలోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం తర్వాత మానండి.
- ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి మసక వెలుతురులో కూర్చొని, నిద్ర ముంచుకొచ్చాకే పడకకు వెళ్ళండి. లేచి తిరగడం ప్రమాదకరమైన రాత్రుల్లో ఈ నియమాన్ని వదిలేయండి.
- అలజడిగా ఉన్న రాత్రుల్లో ఇంట్లోవారు వంతులవారీగా మేల్కొనండి. ఎవరో ఒకరు మేలుకొని ఉన్నారన్న భరోసా ఉంటే మిగతావారికి నిద్ర పడుతుంది.

7. వార్తలకు వేళ పెట్టండి

రోజుకు రెండుసార్లు, నిర్ణీత వేళల్లో, ముందే ఎంచుకున్న రెండు మూడు మార్గాల నుంచి మాత్రమే సమాచారం తీసుకోండి. అధికారిక హెచ్చరికల శబ్దాన్ని తప్ప మిగతా గ్రూపుల నోటిఫికేషన్లను ఆపేయండి. శవాల, శిథిలాల వీడియోలు తెరవవద్దు, పంపవద్దు. కొట్టు ముందు గుమిగూడి వదంతులు చెప్పుకునేవారిని కసరనక్కరలేదు, "ఎవరు చూశారు? ఎప్పుడు?" అని అడిగితే చాలు, సగం కథలు అక్కడే ఆగిపోతాయి.

8. పనివారు, ఇంటివారు, పక్క దుకాణాలు

యజమాని ముఖం చూసే పనివారు ధైర్యం తెచ్చుకుంటారన్న మాట నిజమే గానీ, దాన్ని పట్టుకొని ఏమీ పట్టనట్టు నటించడం వల్ల వారికి మీరు అబద్ధమాడుతున్నారన్న అనుమానమే మిగులుతుంది. తెరిచే నిబంధనను వారికి చదివి వినిపించండి. జీతం ఎంతవరకు ఇవ్వగలరో, ఎప్పటిదాకా ఇవ్వగలరో స్పష్టంగా చెప్పండి. ఆ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు, కానీ తెలియని భవిష్యత్తు కంటే తెలిసిన కష్టాన్ని మనిషి మెరుగ్గా మోస్తాడు.

ఘటన జరిగిన తర్వాత ఎవరైనా పనివారు చలించిపోయి ఉంటే, మానసిక ప్రథమ చికిత్సపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇతర సంస్థలతో కలిసి తెచ్చిన మార్గదర్శకం చెప్పే మూడు పనులు చేయండి. చూడండి: గాయాలున్నాయా, వెంటనే ఏం కావాలి. వినండి: చెబితే వినండి, చెప్పమని ఒత్తిడి చేయవద్దు. కలపండి: ఇంటివారితో, వైద్యంతో, సహాయం చేసే చోటుతో. అందరినీ కూర్చోబెట్టి ఏం చూశారో ఒకరి తర్వాత ఒకరిచేత వివరంగా చెప్పించే సమావేశాలు మంచి ఉద్దేశంతోనే పెడతారు, కానీ వాటివల్ల మేలు కలగదని, కొందరికి కీడు కూడా జరగవచ్చని తేలడంతో వాటిని ఇప్పుడు సిఫారసు చేయడం లేదు.

ఇంట్లోవారికి లెక్కల వివరాలన్నీ అక్కరలేదు. "ఎన్ని రోజులు" పేజీలోని సంఖ్యను మాత్రం జీవిత భాగస్వామికి చూపండి. ఆ సంఖ్యను ఒంటరిగా దాచి మోసే మనిషి తిండి దగ్గర అకారణంగా విసుక్కుంటాడు, అటుపక్కవారికి అర్థం కాదు.

పక్క దుకాణాలవారితో కలిసి చేసుకోవలసిన ఏర్పాట్లు:

- తెరిచేముందు, మూసేముందు ఒకరికొకరు తెలియజేసే వరుస
- ఒకరు రాలేని రోజున మరొకరు వారి తాళాలు చూసే ఒప్పందం
- సరుకు తెచ్చుకోవడానికి కలిసి వెళ్ళడం, ఒకే వాహనం
- వారానికి ఒకసారి, ఫిర్యాదులకు పదిహేను నిమిషాలు, చేయవలసిన పనులకు మిగతా సమయం ఇచ్చే చిన్న సమావేశం

9. తరచూ జరిగే తప్పులు, వాటి దిద్దుబాటు

పనిలో మునిగి మరిచిపోవాలనుకోవడం. దుకాణం పని లేని రోజున కూడా ఏదో ఒకటి సర్దుతూ ఉండేవారు, ఆగితే ఆలోచనలు ముంచేస్తాయని భయపడతారు. దిద్దుబాటు: వారానికి ఒక పూట దుకాణంతో సంబంధం లేని పని ఒకటి, సమయం రాసి పెట్టుకొని మరీ చేయండి. తోటపని, ప్రార్థన, పిల్లలతో ఆట ఏదైనా సరే.

మద్యంతో నిద్ర తెచ్చుకోవడం. కళ్ళు త్వరగా మూతపడతాయి గానీ రాత్రి రెండో సగంలో నిద్ర చెదురుతుంది, మర్నాడు ఆందోళన పెరుగుతుంది. రోజూ ఎక్కువగా తాగే అలవాటు ఉన్నవారు మాత్రం ఒక్కసారిగా మానేయవద్దు, మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి వైద్యుని సలహాతో మానాలి.

ఎవరో ఇచ్చిన నిద్రమాత్రలు, మత్తు మాత్రలు వేసుకోవడం. ఘటన జరిగిన తొలి నెలలో తీవ్ర ఒత్తిడికీ, నిద్రలేమికీ పెద్దవారికి డయాజిపామ్ కోవకు చెందిన బెంజోడయాజిపైన్లు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో వైద్యులకే సూచించింది. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు సొంతంగా ఆపకుండా వైద్యునితో మాట్లాడి క్రమంగా తగ్గించుకోవాలి.

పక్కవాడి ధైర్యంతో పోల్చుకోవడం. ఎదురు దుకాణం ఆయన నవ్వుతూ తెరిచాడంటే, రాత్రి ఆయన ఇంట్లో ఏం జరిగిందో మీకు తెలియదు. మీ నిబంధన మీ ఇంటి లెక్క ప్రకారం రాసింది, దాన్నే చూడండి.

బెదిరింపుకు లొంగి డబ్బిచ్చినందుకు కుమిలిపోవడం. దీన్ని వ్యాపారులు ఎవరితోనూ చెప్పుకోరు, లోపలే దాచుకొని తమను తాము పిరికివాళ్లమని తిట్టుకుంటారు. తుపాకీ ఎదుట చేసిన పనిని స్వేచ్ఛగా చేసిన పని కింద జమకట్టకూడదు. నమ్మకస్తులైన ఒక్కరితో, ఫోనులో కాకుండా ముఖాముఖి, మనసులోది చెప్పుకోవడం భారం తగ్గిస్తుంది.

ఘటన మర్నాడే అన్నీ అమ్మేయడం. ప్రాణభయం ఉంటే వెళ్ళిపోవడం సరైనదే, దానికి ఆలోచించనవసరం లేదు. యంత్రాలు, స్థలం, లైసెన్సు వంటివి అమ్మే నిర్ణయానికి మాత్రం, ప్రమాదం అనుమతిస్తే, కనీసం రెండు వారాల గడువు పెట్టుకోండి.

10. వృత్తిపరమైన సహాయం ఎప్పుడు, ఎలా

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయవద్దు:

- చనిపోవాలన్న ఆలోచన, తాను లేకపోతే అప్పులు తీరిపోతాయన్న మాట
- నెల దాటినా తగ్గని పీడకలలు, జరిగిన ఘటన కళ్ళముందే మళ్ళీ జరుగుతున్నట్లుండడం
- రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, లేవలేకపోవడం
- లేని శబ్దాలు, మాటలు వినిపించడం
- ఇంట్లోవారి మీద చెయ్యి చేసుకోవడం

ఆత్మహత్య ఆలోచన మీకే వస్తుంటే ఈ రోజే ఒక్కరికి నేరుగా ఆ మాట చెప్పండి, ఒంటరిగా ఉండవద్దు, మీకు మీరు హాని చేసుకోవడానికి ఉపయోగపడేవాటిని ఇంటినుంచీ దుకాణంనుంచీ మరొకరి అధీనంలోకి పంపండి, ఆసుపత్రికో సంక్షోభ సహాయ ఫోను నంబరుకో చేరండి. మరొకరి గురించి అనుమానం వస్తే "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అడిగినందుకు చాలామంది తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు.

మానసిక వైద్యుడు అందుబాటులో లేని చోట కూడా దారులున్నాయి. సాధారణ వైద్యులకు, నర్సులకు మానసిక సమస్యల చికిత్సలో శిక్షణ ఇచ్చే కార్యక్రమం చాలా దేశాల్లో నడుస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో తెచ్చిన "ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్" పద్ధతిని శిక్షణ పొందిన మామూలు సహాయకులే వారానికొకటి చొప్పున ఐదు సమావేశాల్లో అందిస్తారు. అందులో ఒత్తిడి తగ్గించుకోవడం, సమస్యను ముక్కలు చేసి పరిష్కరించడం, ఆగిపోయిన పనులు తిరిగి మొదలుపెట్టడం, తోడు పెంచుకోవడం ఉంటాయి. ఆసుపత్రిలోనో, మీ ప్రాంతంలో పనిచేసే సహాయ సంస్థల దగ్గరో ఇది దొరుకుతుందా అని పేరు పెట్టి అడగండి.

వెళ్ళేటప్పుడు నోటు పుస్తకం తీసుకెళ్ళండి. "మనసు బాగాలేదు" అనేకంటే, "ఐదు వారాలుగా రాత్రి మూడు గంటలే నిద్ర, గత పది రోజుల్లో నాలుగు రోజులు దుకాణం తెరవలేకపోయాను" అని చెబితే వైద్యునికి దారి దొరుకుతుంది.

11. మూసిన దుకాణాన్ని తిరిగి తెరిచేటప్పుడు

దెబ్బతిన్న దుకాణంలోకి మొదటిసారి ఒంటరిగా వెళ్ళవద్దు. పేలని మందుగుండు శిథిలాల కింద ఉండే అవకాశం ఉన్న చోట సంబంధిత అధికారులో, మందుపాతరల తొలగింపు బృందాలో సరేనన్న తర్వాతే అడుగుపెట్టాలి; తెలియని లోహపు వస్తువు కనిపిస్తే ముట్టుకోకుండా, వచ్చిన దారినే వెనక్కి వచ్చి, తెలియజేయాలి.

మొదటి రాకలో పని పెట్టుకోవద్దు. చూసి, ఫోటోలు తీసి, అరగంటలో బయటికి రండి. కాలిన అరలు, విరిగిన తూకం, ఎవరిదో చేతిరాతతో ఉన్న పాత రసీదు వంటివి చూసి ఏడుపు వస్తే ఆపుకోనక్కరలేదు, అందుకే తోడు మనిషి ఉన్నారు.

తర్వాత వారంలో ఇలా నడవండి:

- 1వ రోజు: చూడడం, ఫోటోలు, తాళం
- 2వ రోజు: నష్టం పట్టిక, ఇంటి దగ్గర కూర్చొని
- 3వ రోజు: విశ్రాంతి
- 4, 5 రోజులు: ఒక మూల శుభ్రం, ఒక అర, ఒక బల్ల, దుకాణమంతా కాదు
- 6వ రోజు: రెండు గంటలు తెరవడం, కొద్ది సరుకుతో
- 7వ రోజు: తెరిచే నిబంధన పేజీని మళ్ళీ చదివి, పాత షరతుల్లో ఇప్పుడు వర్తించనివి కొట్టేసి, కొత్తవి రాయడం

ఆరో రోజున ఎవరూ రాకపోవచ్చు. ఆ రెండు గంటలూ కూర్చొని, అనుకున్న సమయానికే షట్టర్ దించి, ఇంటికి వెళ్ళండి. అమ్మకం సున్నా అయినా ఖాతా పుస్తకంలో ఆ రోజు తేదీ వేసి సున్నా రాయండి, ఎందుకంటే తర్వాతి పద్దు ఆ వరుస కిందనే వస్తుంది.